ప్రదర్శన కోళ్లలో ఆకృతి, వర్ణ స్థిరీకరణ: ప్రజనన సూత్రాలు, అసీల్ మందలకు వాటి అన్వయం

ఉపోద్ఘాతం

గుడ్ల కోసం పెంచే మందలో ఎంపికకు గుడ్ల లెక్క ఆధారం. మాంసపు మందలో త్రాసు ఆధారం. రూపం కోసం పెంచే ప్రదర్శన కోళ్లలో ఈ రెండూ ప్రధానం కావు. ఇక్కడ జాతి ప్రమాణం అనే లిఖిత వర్ణన ఒకటి ఉంటుంది. న్యాయనిర్ణేత తన ముందున్న పక్షిని ఆ వర్ణనతో పోల్చి గుణదోషాలను నిర్ణయిస్తాడు. ప్రమాణంలో రెండు భాగాలు ముఖ్యం. నిలబడే తీరు, వీపు పొడవు, రొమ్ము వెడల్పు, మెడ, తోక, కాళ్లు, తురాయి మొదలైన వాటి పొందికను ఆకృతి అంటారు. ఈకల రంగు, వాటిపై చారలు, అంచు గీతలు, కాళ్ల రంగు, కంటి రంగు వర్ణం క్రిందికి వస్తాయి.

న్యాయనిర్ణేత చూసేది ఒక పక్షిని మాత్రమే. ప్రజననకారుడు చూడవలసింది దాని తల్లిదండ్రులను, తోబుట్టువులను, సంతానాన్ని. ఈ భేదాన్ని గుర్తించనందువల్లనే మంచి మందలు రెండు మూడు తరాలలో చెదిరిపోతాయి. బహుమతి పొందిన పుంజును బహుమతి పొందిన పెట్టతో జతకట్టిస్తే బహుమతికి తగిన పిల్లలే వస్తాయన్న నమ్మకం చాలామందిలో ఉన్నది. కొన్ని వర్ణాల విషయంలో అది అసాధ్యం. ఆకృతి విషయంలో అది కొంతవరకే సత్యం. మన ప్రాంతపు అసీల్ కోడిని శాస్త్రీయంగా శుద్ధపరచాలని, ప్రదర్శనలకు తీసుకురావాలని కోరే పెంపకందారులు సలహా కోసం విస్తరణ శాస్త్రవేత్తల వద్దకు వచ్చినప్పుడు ఈ విషయాలు స్పష్టంగా తెలిసి ఉండటం అవసరం.

పందెం నుంచి ప్రదర్శనకు

ప్రదర్శన కోళ్ల పెంపకం ఒక వ్యవస్థగా రూపుదిద్దుకున్నది 19వ శతాబ్దపు ఇంగ్లండులో. 1835లో అక్కడ జంతుహింస నిరోధక చట్టం కోడిపందేలను నిషేధించింది. పదేళ్ల తరువాత, 1845లో, లండన్ జంతు ప్రదర్శనశాల ఆవరణలో కోళ్ల ప్రదర్శన జరిగింది. 1865లో అక్కడి పౌల్ట్రీ క్లబ్ తరఫున టెగెట్‌మైర్ సంపాదకత్వంలో జాతి ప్రమాణాల గ్రంథం వెలువడింది. అమెరికాలో 1873లో ఏర్పడిన పౌల్ట్రీ అసోసియేషన్ మరుసటి ఏడాదే తన ప్రమాణాలను ప్రకటించింది.

ఈ చరిత్రలో మనకు పనికివచ్చే ఘట్టం పందెపు కోడికి పట్టిన గతి. పందేలు ఆగిపోగానే ఇంగ్లీషు పందెపు కోడి ప్రదర్శన పంజరంలోకి చేరింది. నిలువెత్తు కాళ్లు, సన్నని మెడ, పొట్టి రెక్క, ఇరుకు తోక గల పక్షికి బహుమతులు రావడంతో ప్రజననకారులు ఆ దిశలోనే ఎంపిక సాగించారు. మలయ్ జాతి రక్తం కూడా కలిపారు. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ‘మోడరన్ గేమ్’ అనే కొత్త జాతి ఈ విధంగా ఏర్పడింది. పాత కోడి రూపం మీద మమకారం ఉన్నవారు ‘ఓల్డ్ ఇంగ్లీష్ గేమ్’ పేరిట దానిని వేరుగా నిలుపుకున్నారు. అందులోనూ తరువాత కార్లైల్, ఆక్స్‌ఫర్డ్ అనే రెండు ఆకృతులు స్థిరపడ్డాయి. ప్రమాణంలో ఒక మాటకు ఇచ్చే ప్రాధాన్యం కొద్ది దశాబ్దాలలోనే జాతి అస్థిపంజరాన్ని మార్చివేయగలదని దీనివల్ల తెలుస్తుంది. మన దేశంలో కోడిపందేలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నిషిద్ధం. అసీల్‌కు ప్రదర్శన ప్రత్యామ్నాయం కావాలని కోరుకునేవారు ప్రమాణ రచనలో ఎంత జాగ్రత్త వహించాలో మోడరన్ గేమ్‌ను చూసి నేర్చుకోవచ్చు.

వర్ణం: నిలిచే రంగులు, నిలువని రంగులు

కోడి రంగులలో చాలావాటికి కారణం కొద్దిపాటి జన్యువులు. కనుక సరైన అవగాహన ఉంటే రంగును రెండు మూడు తరాలలో స్థిరపరచవచ్చు. అయితే ఏ రంగు ఏ విధంగా సంక్రమిస్తుందో ముందుగా తెలియాలి.

మొదటి ఉదాహరణ స్పెయిన్ మూలాలు గల నీలి అండలూసియన్. ఈ జాతిలో ప్రదర్శనకు అర్హమైనది నీలి బూడిద రంగు పక్షి ఒక్కటే. నీలి పుంజును నీలి పెట్టతో జతకట్టిస్తే సంతానంలో సగటున సగం నీలి, నాల్గవ వంతు నలుపు, నాల్గవ వంతు మురికి తెలుపుపై నీలి మచ్చలు గలవి వస్తాయి. తరతరాలుగా పెంపకందారులు ఆ నల్లవాటిని, మచ్చలవాటిని ‘రక్తం చెడిన’ పక్షులుగా భావించి తొలగించారు. ఎంత తొలగించినా నిష్పత్తి మారలేదు. 20వ శతాబ్ది తొలి దశకంలో బేట్సన్, పన్నెట్ దీనిని మెండెల్ సూత్రాలతో వివరించారు. నీలి రంగు అసంపూర్ణ బహిర్గతత్వం ఫలితం. నీలి కారకం ఒక్క ప్రతి ఉంటే పక్షి నీలం, రెండు ప్రతులుంటే మచ్చల తెలుపు, అసలు లేకపోతే నలుపు. అంటే నీలి పక్షి ఎప్పటికీ విషమయుగ్మజమే. దానిని ‘శుద్ధపరచడం’ సాధ్యం కాదు. తొలగించిన నల్ల పక్షిని, మచ్చల పక్షిని జతకట్టిస్తే మాత్రం పిల్లలన్నీ నీలమే!

అయితే నల్లపక్షి కావాలి కదా అని ఎక్కడినుంచో ఒక నల్లకోడిని తెచ్చి కలిపితే పని చెడుతుంది. అండలూసియన్ ఈకకు ముదురు అంచు గీత ఉండాలి. ఆ గీతకు కారణమైన జన్యువులు వేరు. నల్ల పక్షిలో అవి ఉన్నా నలుపు చాటున కనబడవు. కాబట్టి వాడవలసింది అదే కుటుంబంలో పుట్టిన నల్ల పక్షిని. దృశ్యరూపం ఒకటే అయినా జన్యురూపం ఒకటి కాదని విద్యార్థులకు బోధించడానికి దీనికంటే మంచి ఉదాహరణ అరుదు.

రెండవ ఉదాహరణ చారల ప్లిమత్ రాక్. నల్ల ఈకపై అడ్డంగా తెల్ల చారలు వేసే జన్యువు లింగసహలగ్నం. పక్షులలో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒకటే జెడ్ ఉంటాయి. కాబట్టి శుద్ధమైన చారల మందలో పుంజుకు ఆ జన్యువు రెండు మోతాదులు, పెట్టకు ఒకే మోతాదు అందుతుంది. రెండు మోతాదుల వల్ల పుంజులో తెల్ల చార వెడల్పై, పక్షి పెట్టకంటె లేతగా కనిపిస్తుంది. ఇది ప్రకృతి నియమం. ప్రదర్శనలో మాత్రం పుంజు, పెట్ట ఒకే ఛాయలో ఉండాలని కోరారు. ఒకే జత నుంచి అది రాదు గనుక ప్రజననకారులు ‘జంట జత’ పద్ధతిని ఆశ్రయించారు. పుంజుల కోసం ఒక వంశం, పెట్టల కోసం మరొక వంశం విడివిడిగా నడుపుతారు. పుంజుల వంశంలో ప్రదర్శన ఛాయ గల పుంజును ప్రమాణం కంటె ముదురైన పెట్టలతో కలుపుతారు. పెట్టల వంశంలో ప్రదర్శన ఛాయ గల పెట్టలను ప్రమాణం కంటె లేత పుంజుతో కలుపుతారు. పుంజుల వంశంలోని పెట్టలు గాని, పెట్టల వంశంలోని పుంజులు గాని ఎన్నడూ ప్రదర్శనకు వెళ్లవు. అయినా ఆ వంశాలు నిలిచేది వాటివల్లనే.

జంట జత వల్ల అందమైన పక్షులు వచ్చిన మాట నిజం. దాని మూల్యం కూడా తక్కువేమీ కాదు. స్థలం, దాణా రెట్టింపు అవుతాయి. ఒక జాతి రెండు చిన్న మందలుగా చీలుతుంది. తెలియని కొనుగోలుదారు ఒక వంశపు పుంజును, మరొక వంశపు పెట్టను కొని కలిపితే రెండిటి శ్రమా వృథా అవుతుంది. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో కొత్తగా ప్రమాణం రాసుకునే ఏ జాతికైనా జంట జత అవసరమయ్యే నియమం పెట్టకపోవడమే వివేకం. పుంజుకు వేరు, పెట్టకు వేరు వర్ణన రాస్తే సరిపోతుంది.

మన మందలకు మరింత దగ్గరైన ఉదాహరణ ఎర్ర పుంజు. నల్లని రొమ్ము, నల్లని తోక, ఎర్రని మెడ, ఎర్రని వీపు గల పుంజుకు ఆధారం అడవికోడి రకపు జన్యువు కావచ్చు, గోధుమ రకపు జన్యువు కావచ్చు. పుంజులలో ఈ రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. తేడా పెట్టలలో బయటపడుతుంది. అడవికోడి రకపు పెట్ట వీపు గోధుమ, నలుపు కలిసిన సన్నని చుక్కలతో, రొమ్ము నారింజ ఛాయతో ఉంటుంది. గోధుమ రకపు పెట్ట పండిన గోధుమ గింజ రంగులో, లేత రొమ్ముతో ఉంటుంది. పుట్టిన రోజునే తేడా గుర్తించవచ్చు. అడవికోడి రకపు పిల్ల వీపు మీద ఉడుత చారల వంటి గోధుమ చారలుంటాయి. గోధుమ రకపు పిల్ల నూగు చారలు లేక లేత మీగడ రంగులో ఉంటుంది. కాబట్టి ఒక ఎర్ర పుంజు రంగు విలువ దాని మీద కంటె దాని తల్లి మీద, అక్కచెల్లెళ్ల మీద స్పష్టంగా రాసి ఉంటుంది.

తెలుగు పెంపకందారుల రంగుల పదజాలం ఎంతో సంపన్నమైనది. నల్లని కోడి కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ. రెక్కల మీద, వీపు మీద పసుపు ఈకలున్నది నెమలి. నలుపు, ఎరుపు, పసుపు కలిసినది కౌజు. ఎరుపు, బూడిద కలిసినది మైల. తెల్లని రెక్కలపై అక్కడక్కడ నలుపు, గోధుమ ఈకలున్నది పింగళ. లేత బంగారు ఛాయ అబ్రాసు. ఇవి కాక రెండు పేర్లు కలిసిన కాకిడేగ వంటివి అనేకం. కుక్కుట శాస్త్రం ఈ పేర్లను దినాలకు, నక్షత్రాలకు ముడిపెట్టింది. ఆ ముడికి జన్యుశాస్త్రంలో తావు లేదు. పేర్లు మాత్రం నిశితమైన పరిశీలనకు నిదర్శనాలు, వాటిని వదులుకోరాదు. అయితే ఇవి దృశ్యరూపానికి పెట్టిన పేర్లు, ముఖ్యంగా పుంజు ఈకలను చూసి పెట్టినవి. డేగ అని పిలిచే రెండు పుంజులు రెండు వేర్వేరు జన్యురూపాలు కావచ్చు. అందుచేత మంద పుస్తకంలో ‘డేగ పుంజు’ అని రాసి ఊరుకోక, దాని తల్లి ఈకల వర్ణన, పుట్టిన రోజు నూగు వర్ణన కూడా చేర్చాలి.

కాళ్ల రంగు గురించి ఒక మాట. పసుపు చర్మానికి కారణమైన జన్యువు అంతర్గతం. పెంపుడు కోడికి ఇది ఎర్ర అడవికోడి నుంచి కాక, దక్షిణ భారతంలో నివసించే బూడిద అడవికోడి నుంచి సంక్రమించిందని 2008లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. పసుపు కాళ్ల జాతిలో తెల్ల కాళ్లు కనిపిస్తే అది బహిర్గత లక్షణం కనుక ఒక్క తరం ఎంపికతో తొలగిపోతుంది. అయితే పసుపు ఛాయ గాఢత మేతలోని కెరోటినాయిడ్‌లపై ఆధారపడి ఉంటుంది. గుడ్లు పెడుతున్న పెట్టలో అది వెలిసిపోతుంది. పెట్టల కాళ్ల రంగును గుడ్డుకు రాకముందే నమోదు చేయడం మంచిది. తెల్ల ఈకలపై ఎండ వల్ల, పసుపు మొక్కజొన్న వల్ల వచ్చే ఇత్తడి ఛాయ కూడా ఈ కోవలోనిదే. పెంపకం వల్ల కలిగిన దానిని వంశదోషంగా భావించి మంచి పక్షిని తొలగించరాదు.

దాగి ఉండే లోపాలు

అసీల్ లక్షణాలలో చిన్న బఠాణీ తురాయి ఒకటి. ఇది బహిర్గతం. సాధారణ ఒంటి తురాయి అంతర్గతం. శుద్ధమని భావించిన అసీల్ మందలో ఒంటి తురాయి పిల్ల ఒక్కటి పుట్టినా తండ్రి, తల్లి ఇద్దరూ ఆ జన్యువును మోస్తున్నారని అర్థం. సాధారణంగా పిల్లను, మహా అయితే తల్లిని తొలగించి పుంజును ఉంచుకుంటారు. దానివల్ల ప్రయోజనం స్వల్పం. పైగా ఆ పుంజు సంతానమే మందలో అధికంగా ఉంటుంది.

కనిపించిన పిల్లలను మాత్రమే తొలగించడం ఎంత నిదానమైన పద్ధతో లెక్క వేసి చూడవచ్చు. నూటికి ఒక పిల్లలో అంతర్గత లోపం కనిపిస్తున్న మందలో ఆ జన్యువు పౌనఃపున్యం 0.1. ప్రతి తరంలో లోపం కనిపించిన ప్రతి పక్షినీ తొలగించినా పది తరాల తరువాత పౌనఃపున్యం 0.05కు తగ్గుతుంది. అంటే లోపం నాలుగు వందలకు ఒకటిగా కనిపిస్తుంది. పదేళ్ల శ్రమకు దక్కేది ఇంతే. పరీక్షా జత ఒక్క సీజనులో పని తేల్చగలదు. పరీక్షించవలసిన పుంజును ఒంటి తురాయి పెట్టలతో కలపాలి. పుంజు లోపాన్ని మోస్తున్నట్లయితే పిల్లలలో సగం ఒంటి తురాయితో రావాలి. ఏడు పిల్లలు వరుసగా బఠాణీ తురాయితోనే వస్తే, ఆ పుంజు లోపవాహకమై ఉండే పక్షంలో అటువంటి ఫలితం వచ్చే సంభావ్యత 128లో ఒకటి మాత్రమే. ఒంటి తురాయి నాటుపెట్టలు ప్రతి ఊరిలో దొరుకుతాయి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

ప్రతి ‘లోపం’ తొలగించదగినది కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గులాబీ తురాయి గల వయండాట్ జాతిలో ఎన్ని తరాలు ఏరివేసినా ఒంటి తురాయి పిల్లలు వస్తూనే ఉంటాయి. గులాబీ తురాయి జన్యువు రెండు ప్రతులు గల పుంజుల వీర్యకణాలకు చలనశక్తి తక్కువ. ఒకే ప్రతి గల పుంజులు ఫలదీకరణలో ముందుంటాయి. కనుక ఒంటి తురాయి జన్యువు మందలో తనంతట తాను నిలుస్తుంది. దానిని పూర్తిగా నిర్మూలించాలని పట్టుబడితే పొదుగుదల దెబ్బతింటుంది. జపాన్ బాంటమ్‌లో పొట్టికాళ్ల జన్యువు ఇంకా కఠినం. రెండు ప్రతులు పొందిన పిండం గుడ్డులోనే చనిపోతుంది. పొట్టికాళ్ల జతకు పుట్టి బ్రతికిన పిల్లలలో మూడింట ఒక వంతు పొడవు కాళ్లతో వస్తాయి. ఆ పొడవు కాళ్లవి ప్రదర్శనకు పనికిరావు గాని వాటిని పొట్టికాళ్లవాటితో కలిపితే పిండాలు చావవు.

ఆకృతి: కంటికి అందనంత నెమ్మదిగా జారిపోయేది

రంగు చెడితే వెంటనే తెలుస్తుంది. ఆకృతి చెడితే తెలియడానికి సంవత్సరాలు పడుతుంది. అందుకు కారణం ఆకృతిని నిర్ణయించే జన్యువులు అనేకం కావడం, ఒక్కొక్కదాని ప్రభావం స్వల్పం కావడం. శరీర బరువు, కాళ్ల పొడవు వంటి వాటిలో అనువంశికతా పరిమాణం మధ్యస్థం మొదలు అధికం వరకు ఉంటుంది. కనుక పక్షిని చూసి చేసే ఎంపిక బాగానే ఫలిస్తుంది. ఫలదీకరణ, పొదుగుదల వంటి వాటిలో ఆ పరిమాణం తక్కువ. వాటికి కుటుంబ సగటు ఆధారంగా ఎంపిక చేయాలి.

అసీల్ ఆకృతిలో చూడవలసినవి: నిటారైన నిలకడ, పొడవైన బలమైన మెడ, భుజాల వద్ద విశాలమై తోకవైపు సన్నబడే శరీరం, వెడల్పు రొమ్ము, శరీరానికి అంటుకున్న గట్టి పొట్టి ఈక, దృఢమైన కాళ్లు, దాదాపు లేనట్టుండే తమ్మెలు. పుంజు బరువు సాధారణంగా 4 నుంచి 5 కిలోలు, పెట్ట 3 నుంచి 4 కిలోలు. జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదులో ఈ జాతి స్వస్థలాలుగా ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ పేర్కొనబడ్డాయి. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఒక అసీల్ వంశాన్ని నిర్వహిస్తున్నది.

అసీల్ నిదానంగా ఎదిగే జాతి. తురాయి, వ్రేళ్లు, కాళ్ల రంగు వంటి వాటిని పిల్లగా ఉన్నప్పుడే పరిశీలించవచ్చు. ఎముకల పొందికను నాలుగు నెలల వయసులో ఒకసారి చూసి, తుది నిర్ణయం పూర్తి ఈక వచ్చేవరకు వాయిదా వేయాలి. ఆరు వారాలకు బరువైన పిల్లనే ఎంచుకునే అలవాటు మాంసపు మందలకు తగినది. దానిని అసీల్‌లో పాటిస్తే త్వరగా ఎదిగే, గుండ్రని, మెత్తని ఈక గల కోడి వైపు మంద జారుతుంది. రొమ్ము ఎముక వంకరను చూసి వంశాన్ని నిందించే ముందు ఆ పిల్లలను ఏ వయసులో దండెం ఎక్కనిచ్చారో అడగాలి.

జతలు కూర్చడంలో ఒక సాధారణ పొరపాటు ఉన్నది. వీపు మరీ పొడవైన పెట్టకు మరీ పొట్టి వీపు పుంజును తెచ్చి సరిదిద్దాలని చూస్తారు. మొదటి తరంలో మధ్యస్థమైన పిల్లలు వచ్చి ఆశ కలిగిస్తాయి. వాటి సంతానంలో మళ్లీ పొడవు, పొట్టి, మధ్యస్థం అన్నీ చెదిరి వస్తాయి. లోపాన్ని వ్యతిరేక లోపంతో సరిదిద్దలేము. ఆ విషయంలో సరిగా ఉన్న పక్షితోనే సరిదిద్దాలి. ఒకే లోపం గల ఇద్దరిని మాత్రం ఎన్నడూ కలపరాదు.

మరొక జాతి నుంచి రంగు తెచ్చుకోవలసివస్తే దాని మూల్యాన్ని ముందే లెక్కించాలి. మొదటి సంకరంలో అసీల్ వంతు 50 శాతం. తిరిగి అసీల్‌తో కలిపిన ప్రతి తరంలో పరాయి వంతు సగమవుతుంది. నాలుగు ప్రతిసంకరణల తరువాత అసీల్ వంతు సుమారు 97 శాతానికి చేరుతుంది. కోరిన రంగు అంతర్గతమైతే మధ్యమధ్య దాని వాహకాలను గుర్తించడానికి అదనపు జతలు కావాలి. ఈ మొత్తం కాలంలో ప్రతి తరంలోనూ రంగు గల పక్షులలో ఉత్తమ ఆకృతి గలదానినే ఎన్నుకోవాలి. రంగు ఒక జన్యువుతో తిరిగి వస్తుంది. వందల చిన్న జన్యువుల పొందిక ఒకసారి చెదిరితే అదే రూపంలో తిరిగి రాదు. ఆకృతిలో ఉత్తమమై రంగులో కొంచెం తగ్గిన పక్షి, రంగులో నిర్దుష్టమై ఆకృతి లేని పక్షి కంటె ప్రజననానికి అన్ని విధాలా మేలు.

కొత్తగా ప్రాచుర్యం పొందుతున్న చిలకముక్కు, పొడవు తోక అసీల్ రకాల విషయంలో ఈ మాట మరింత వర్తిస్తుంది. తమిళనాడులో వీటికి ప్రత్యేక ప్రదర్శనలే జరుగుతున్నాయి. ముక్కు ఎంత పొట్టిగా, ఎంత వంపుగా ఉంటే అంత విలువ అన్న ధోరణి హద్దు దాటితే పక్షి నేలమీది గింజను సరిగా ఏరుకోలేదు. ప్రమాణంలో ఏ లక్షణానికైనా కనీస పరిమితితోపాటు గరిష్ఠ పరిమితి కూడా రాయడం అవసరం. పక్షి తనంతట తాను మేసి, జతకట్టి, పొదిగి పిల్లలను పెంచగలగడం దేశీయ కోడి ప్రమాణంలో మొదటి షరతు కావాలి.

అంతఃప్రజననం: ఎంతవరకు?

రూపం స్థిరపడటానికి దగ్గరి బంధువుల జతలు కొంత అవసరమే. ప్రపంచమంతటా ప్రదర్శన జాతులన్నీ ఆ దారిలోనే ఏర్పడ్డాయి. సెబ్రైట్ బాంటమ్ సృష్టికర్త సర్ జాన్ సెబ్రైట్ ఈ విద్యలో ఆరితేరినవాడు. దీర్ఘకాలం దగ్గరి రక్తంలోనే జతలు నడిపితే కోళ్లు కాళ్లు సాగి, శరీరం చిన్నదై, సంతానోత్పత్తిలో బలహీనమయ్యాయని ఆయనే 1809లో ప్రచురించిన లేఖలో నమోదు చేశాడు. జన్యువు అనే మాట పుట్టడానికి వంద సంవత్సరాల ముందటి పరిశీలన ఇది.

పూర్ణ సహోదరుల జతలో పుట్టిన పిల్లల అంతఃప్రజనన గుణకం 25 శాతం, అర్ధ సహోదరుల జతలో 12.5 శాతం. మంద స్థాయిలో ఇది ప్రధానంగా పుంజుల సంఖ్యపై ఆధారపడుతుంది. తరానికి పెరిగే అంతఃప్రజననాన్ని ఒక సులువైన సూత్రంతో అంచనా వేయవచ్చు: పుంజుల సంఖ్యను ఎనిమిదితో గుణించి ఒకటిని దానితో భాగించాలి, పెట్టల సంఖ్యతోనూ అలాగే చేసి రెండింటినీ కూడాలి. ఒక పుంజు, పది పెట్టలున్న మందలో ఇది తరానికి 13.75 శాతం. నాలుగు పుంజులు, పదహారు పెట్టలున్న మందలో 3.9 శాతం. పెట్టలు రెట్టింపు కాకపోయినా నష్టం మూడో వంతు కంటె తక్కువకు దిగింది. ఒకే ‘మేటి పుంజు’ మీద ఊరంతా ఆధారపడటం వల్ల కలిగే ప్రమాదాన్ని పెంపకందారుకు ఈ రెండు అంకెలతో చెప్పవచ్చు.

చిన్న పెంపకందారులకు చక్రభ్రమణ జత పద్ధతి అనుకూలం. మందను మూడు లేదా నాలుగు దొడ్లుగా విభజించాలి. ప్రతి దొడ్డిలో పుట్టిన పెట్టలు అదే దొడ్డిలో ఉంటాయి. పుంజులు మాత్రం తరువాతి దొడ్డికి వెళతాయి, చివరి దొడ్డి పుంజులు మొదటి దొడ్డికి వస్తాయి. ఒకే రైతుకు అంత స్థలం లేకపోతే నలుగురు రైతులు తలా ఒక దొడ్డి నిర్వహించవచ్చు. బయటి నుంచి పుంజును కొనవలసిన అవసరం చాలాకాలం రాదు. అవసరమైతే కొన్న పుంజును నేరుగా అన్ని దొడ్లలోకి వదలక, ముందు ఒక దొడ్డిలో దాని సంతానాన్ని చూడాలి.

విద్యార్థులకు సూచించదగిన ప్రయోగం

మైల వర్ణంలోని బూడిద ఛాయకు నీలి కారకమే కారణమా అన్నది ఏ మందలోనైనా ఒక సంవత్సరంలో పరీక్షించి తేల్చవచ్చు. మైల పుంజును మైల పెట్టలతో ఒక దొడ్డిలో, నల్ల తోక గల డేగ పెట్టలతో మరొక దొడ్డిలో ఉంచాలి. నీలి కారకమే కారణమైతే మొదటి దొడ్డిలో పిల్లలు సుమారు ఒకటి, రెండు, ఒకటి నిష్పత్తిలో మూడు తరగతులుగా విడిపోతాయి. వాటిలో ఒక తరగతికి నల్లగా ఉండవలసిన భాగాలు దాదాపు తెల్లగా ఉంటాయి. రెండవ దొడ్డిలో సగం మైల, సగం నల్ల తోకవి వస్తాయి. మొదటి దొడ్డి నుంచి కనీసం పదహారు పిల్లలు కావాలి. నాల్గవ వంతుగా రావలసిన తరగతి పదహారు పిల్లలలో ఒక్కటి కూడా కనిపించకపోయే సంభావ్యత సుమారు 1 శాతం మాత్రమే.

పొదిగిన రోజునే ప్రతి పిల్లకు రెక్క బిళ్ల వేసి, వీపు మీది నూగును ఛాయాచిత్రం తీయాలి. రెండవ పరిశీలన ఎనిమిదవ వారంలో, మూడవది పూర్తి ఈక వచ్చిన తరువాత చేయాలి. తొలి ఈకల రంగును తుది రంగుగా నమోదు చేయరాదు. పొదగని గుడ్లను పగలగొట్టి పిండం ఏ దశలో చనిపోయిందో రాసిపెట్టాలి. ఒక తరగతి పిల్లలు తక్కువగా కనబడటానికి కారణం అందులో ఉండవచ్చు. పెట్ట శరీరంలో వీర్యకణాలు రెండు మూడు వారాల వరకు సజీవంగా ఉంటాయి. కాబట్టి దొడ్డిలో పుంజును మార్చిన తరువాత మొదటి మూడు వారాలలో పెట్టిన గుడ్లను వంశ పుస్తకంలోకి ఎక్కించరాదు.